పొయ్యి చుట్టూ తిప్పని కోడి

నా మెడలో గొలుసు లేదు, చెవులకు కమ్మలు లేవు, చేతులకు గాజులు లేవు. బాప్తిస్మం తీసుకున్న రోజు అవన్నీ తీసి మా అమ్మ చేతిలో పెట్టి వాగు నీళ్ళలోకి దిగాను. మా సంఘంలో ఆడవాళ్ళం అందరం అంతే. అయితే ఆ రోజు నుంచి నాకు ఒక జబ్బు పట్టుకుంది. ఏ పెళ్ళికి వెళ్ళినా ఎవరి మెడలో ఎంత బంగారం ఉందో చూడటం, చూసి ‘పాపం, వీళ్ళింకా లోకాన్ని వదల్లేదు’ అని లోలోపల జాలిపడటం. బంగారాన్నే వద్దనుకున్న మనిషికి ఇంక దేని మీద ఆశ ఉంటుందని నా ధీమా. దురాశ గురించి స్త్రీల కూడికలో నాలుగు మాటలు చెప్పాలంటే పాస్టరమ్మగారు నన్నే లేపేవారు. నేనూ ఒక్కసారికే లేచేదాన్ని, బతిమిలాడించుకునేదాన్ని కాదు.

అంత ధీమా ఒక కోడి దగ్గర ఊడిపోయింది. నవ్వుకుంటే నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ నవ్వు రావడం లేదు.

మాది ములకలపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉన్న ఊరు. నేను ఇక్కడి ప్రైమరీ స్కూల్లో టీచర్ని. మా ఆయనకు పామాయిల్ తోట ఉంది, కాస్త మిర్చి ఉంది. మిద్దె ఉంది, ఫ్రిజ్ ఉంది, వాకిట్లో కారు ఉంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ కోడి లేకపోతే మా ఇంట్లో ఎవరూ పస్తుండరు. తోట దాటితే వాగు, వాగు దాటితే గూడెం. మా రేకుల మందిరం రోడ్డు పక్కన ఉంటుంది. గూడెం నుంచి కూడా కొంతమంది ఆరాధనకు వస్తారు.

మిర్చి కోతలు నడిచేటప్పుడు మా మందిరంలో కోత కానుకల ఆదివారం చేస్తాం. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. గుమ్మడికాయ, కందుల మూట, అరటిగెల, మిర్చి, కోడి. ఆరాధన అయ్యాక వాటిని వేలం పాడతారు. ఒకరు ఇచ్చింది ఇంకొకరు పాడుకుని ఇంటికి తీసుకుపోతారు. ఎవరేం ఇచ్చారన్నది అందరూ చూస్తారు, చూడనట్టు ఉంటారు. కిందటేడు నేను ఇచ్చిన సొరకాయను పాస్టరుగారు ఎత్తి చూపించినప్పుడు వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. అది నేను మర్చిపోలేదు. ఈ ఏడు నా బోడిమెడ పెట్టను తీసుకెళ్ళాను.

బోడిమెడ పెట్ట అంటే మెడ మీద ఈకలుండవు, ఎర్రగా చర్మం కనిపిస్తుంది. అందం లేదు కాని అంత మంచి పెట్ట ఊళ్ళో లేదు. పెట్టిన గుడ్డు పెట్టినట్టే పిల్లయ్యేది. గద్ద వస్తే ఎదురు తిరిగేది. మా ఆయన నన్ను ఆటపట్టించడానికి, “ఇద్దరివీ బోడిమెడలే, నీ చెల్లెలికి నూకలు వేశావా?” అనేవాడు. అలాంటిదాన్ని ఇచ్చేశానంటే నా విశ్వాసం ఎంత పెద్దదో అందరికీ తెలియాలని. ఇప్పుడు ఒప్పుకుంటున్నాను, ఆ కానుక దేవుడికి కాదు, కిందటేడు నవ్విన ఆ నోటికి.

ఆ పెట్టను గూడెం అవ్వ పాడుకుంది. భర్త పోయాక మా మందిరానికి రావడం మొదలుపెట్టిన ముసలామె. చీపురుపుల్ల, తునికాకు, ఇప్పపువ్వు, ఏ కాలానికి దొరికేది ఆ కాలంలో అడవి నుంచి తెచ్చుకుని బతుకుతుంది. వానాకాలంలో కొక్కెర తెగులు వచ్చి ఆమె కోళ్ళన్నీ పోయాయి. ఆమె పాట మొదలుపెట్టగానే తక్కినవాళ్ళు మర్యాదగా ఆగిపోయారు. కొంగుముడి విప్పుతూ, “పిల్లలు లేపుకుంట బిడ్డా. కోళ్ళు లేక వాకిలి బోసిగున్నది” అంది నాతో.

మందిరం బయట ఆమె కోసం పక్కింటామె ఎదురుచూస్తోంది. అవ్వా ఆమే ఒకరినొకరు వదినె అని పిలుచుకుంటారు, ఈ కథలో నేనూ పక్కింటామెను అలాగే అంటాను. వదినె మా మందిరానికి రాదు, వాళ్ళ దేవతలు వాళ్ళకున్నారు. కాని ఇద్దరూ ఏ పనికైనా జంటగానే వెళతారు. వదినె పెట్టను పట్టుకుని బరువు చూసి, “మంచిగున్నది. పోంగనే పొయ్యి సుట్టు తిప్పుదాం, లేకపోతే మళ్ళ పాత ఇంటికి ఉరుకుతది” అంది.

ఇది మా వైపు అందరూ చేసేదే. కొత్తగా తెచ్చిన కోడిని పొయ్యి చుట్టూ మూడుసార్లు తిప్పితే అది ఆ ఇంటిదవుతుందని. నేను ఊరుకోవచ్చు కదా. ఊరుకోలేదు. దురాశ మీద, మూఢనమ్మకం మీద మాట్లాడటం నా డ్యూటీ అనుకునే రోజులవి.

“అవ్వా, రక్షణ పొందినదానివి, ఇంకా గవేం పనులు? ప్రార్థన చేసి గూట్ల ఇడువు. చాలు.”

అవ్వ ముఖం చిన్నదైంది. “అవ్, నిజమే బిడ్డా” అంది. వదినె పెట్టను అవ్వ చేతికిచ్చేసింది. అసలు ఆ పెట్టను సత్తుపల్లి సంత నుంచి మా ఇంటికి తెచ్చిన రోజు మా అత్తగారు దాన్ని పెరట్లో నీళ్ళపొయ్యి చుట్టూ తిప్పారు. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ సంగతి నాకు అప్పుడు గుర్తు రాలేదంటే నమ్ముతారో లేదో, నిజంగానే గుర్తు రాలేదు.

కొన్నాళ్ళకు ఒక సాయంత్రం అంట్లు తోముతుంటే పామాయిల్ చెట్ల మధ్య నుంచి పెట్ట నడుచుకుంటూ వచ్చింది. వాగులో నీళ్ళు అప్పటికే పాదాలు మునిగేంతే. కాలికి అవ్వ పాత చీర పేలిక, తెగి వేలాడుతోంది. సరాసరి తన గూటి మీదికి ఎక్కి కూర్చుంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. తప్పిపోయిన మనిషి ఇల్లు చేరినట్టు, “వచ్చినవా తల్లీ” అన్నాను. ఆ పేలిక విప్పి వంటింటి కిటికీ ఊచకు చుట్టాను. దాని కాలికి చుట్టుకుంటుందని విప్పానని నాకు నేనే చెప్పుకున్నాను.

“పొద్దున్నే పంపించు” అన్నాడు మా ఆయన.

“పంపిస్తా.”

పొద్దున్న గుడ్డు పెట్టింది. ఆ గుడ్డు ఎవరిది? కోడి అవ్వది, గూడు నాది, తిన్న నూకలు నావి. స్కూలుకు టైమైపోతోందని ఆ లెక్క సాయంత్రానికి వాయిదా వేశాను. సాయంత్రం వంట ఉంది. మర్నాడు స్కూల్లో మీటింగ్. అలా నేను వాయిదాలు వేస్తుంటే అది గుడ్లు పెడుతూ పోయి, చివరికి పొదుగుడుకు కూర్చుంది. నేనే దాని గుడ్లకు తోడు నా మిగతా కోళ్ళ గుడ్లు కూడా చేర్చి గంపలో సర్దాను. ఇక దాన్ని కదిపితే గుడ్లన్నీ మురిగిపోతాయి. మూగజీవిని పొదుగుడు మీద నుంచి లేపడం పాపం కదా. పిల్లలు లేచాక తల్లినీ పిల్లలనూ కలిపి ఇస్తే అవ్వకే లాభం. ఈ ఆలోచన వచ్చాక నా మనసు ఎంత తేలికైందంటే, అవ్వకు నేనే ఏదో ఉపకారం చేస్తున్నట్టు అనిపించింది.

“అట్లయితే కోడి మా ఇంట్లున్నదని అవ్వకు ఒక మాట చెప్పు” అన్నాడు మా ఆయన.

చెప్పలేదు. చెబితే వచ్చి తీసుకుపోతుంది. అంతకంటే వేరే కారణం లేదు. ఎంత వెతికినా లేదు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మందిరంలో నేను పిల్లలకు చెప్పాల్సిన బైబిలు పాఠం, దోపుడు సొమ్ము తెచ్చి గుడారంలో పాతిపెట్టుకున్నవాడి కథ. నేను దాన్ని దాటేసి తర్వాతి పాఠం చెప్పాను.

ఇక్కడి దాకా అయితే ఇది మా ఇంటి సిగ్గుగానే మిగిలేది. బుధవారం కూడికకు అవ్వ వచ్చి ఒక మూల కూర్చుని ఏడ్చింది. కోడి కనబడకుండా పోయి చాలా రోజులైందట. వాగు పొడవునా, పొదలన్నీ వెతికిందట. వెతికేటప్పుడు వదినె కూడా వెంట తిరిగిందట. ఇంతలో గూడెంలో దేవత కొలుపు వచ్చింది. కోళ్ళు కోశారు. కొలుపు మర్నాడు వదినె వాకిట్లో ఎర్ర బొచ్చు కనిపించింది. మా బోడిమెడ పెట్టదీ ఎర్ర బొచ్చే.

“నేనే అడిగిన. మందిరంల పాడుకున్న కోడిని నీ దేవతకు కోసినవా అని అడిగిన” అంది అవ్వ. “నీ కోడిని ముట్టుకుంటే నా చేతులు పడిపోను అన్నది. గప్పటిసంది నాతోని మాట్లాడుత లేదు.”

కూడికలో ఆడవాళ్ళు తలలు ఊపారు. “వాళ్ళు గట్లనే చేస్తరు” అని ఒకరన్నారు. “ఎంతైనా రక్షణ లేనోళ్ళు గదా” అని ఇంకొకరు. చెప్పెయ్యాలని నోరు తెరిచాను కూడా. అప్పుడే పాస్టరమ్మగారు నా వైపు తిరిగి, “ఆమె మనసు మారాలని మీరు ప్రార్థన చెయ్యండి టీచరమ్మా” అన్నారు.

చేశాను. కళ్ళు మూసుకుని, గొంతు వణికిస్తూ, ఆ గూడెం ఆడమనిషి కఠిన హృదయాన్ని కరిగించమని దేవుణ్ణి అడిగాను. అందరూ ఆమెన్ అన్నారు. అవ్వ అందరికంటే గట్టిగా అంది. ఇంటికి వస్తే పెట్ట గంపలో వెచ్చగా కూర్చుని ఉంది. నూకలు వేద్దామని చెయ్యి పెడితే పొడిచింది. పొదుగుడు మీదున్న ఏ పెట్టయినా పొడుస్తుందనుకోండి, కాని ఆ రోజు నాకు అది న్యాయంగానే అనిపించింది.

అయినా చెప్పలేదు. ఇప్పుడు చెబితే కోడి పోవడం ఒక్కటే కాదు, నా పేరు కూడా పోతుంది. మొదట్లో కోడి మీద ఆశ, తర్వాత పరువు మీద ఆశ. రెండోది మొదటిదాని కంటే బలంగా పట్టుకుంది.

మార్చిలో ఇప్పపువ్వు రాలడం మొదలైంది. తెల్లవారకముందే చెట్ల కిందికి వెళ్ళి, రాలిన పువ్వు ఎండెక్కేలోపల ఏరుకోవాలి. ఆ పువ్వంటే ఎలుగుబంటికీ ప్రాణం. అందుకే ఎవరూ ఒంటరిగా వెళ్ళరు. ఒకరు ఏరుతుంటే ఒకరు రేకు డబ్బా వాయిస్తూ ఉంటారు. అవ్వ, వదినె ఎన్నో ఏళ్ళుగా ఒకే చెట్టు కింద అలా జంటగా ఏరారు. ఈ ఏడు అవ్వ ఒక్కతే వెళుతోందని మా స్కూల్లో మధ్యాహ్నం వంట చేసే ఆమె చెప్పింది. “డబ్బా వాయించేటోళ్ళు లేరు టీచర్, ముసల్ది ఏమైపోతదో” అంది. నేను హాజరు వేసుకుంటూ విననట్టే ఉన్నాను. ఆ రోజంతా నా చెవుల్లో లేని డబ్బా మోగుతూనే ఉంది.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో అవ్వ లేచి నిలబడింది. మోచేతికి పసుపు రాసిన గుడ్డ కట్టి ఉంది.

“వంగి ఏరుతున్న. ఎనక సప్పుడైంది. వదినె వచ్చిందేమో, కోపం పోయిందేమో అనుకున్న. తిరిగి చూస్తే ఎలుగు. గంప ఆడనే ఇడిచి ఉరికిన, పడ్డ. దేవుడు నన్ను కాపాడిండు. అందరికీ వందనాలు.”

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. ‘వదినె వచ్చిందేమో అనుకున్న’ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను, చేతులు మాత్రం కొడుతూనే ఉన్నాయి. దేవుడు కాపాడాడు సరే. ఆమెను ఆ చెట్టు కిందికి ఒంటరిగా పంపింది ఎవరు?

ఇంటికి రాగానే అన్నం కూడా తినకుండా గంప తీసుకున్నాను. పిల్లలు లేచి అప్పటికి కొద్ది రోజులే. పెట్టను ఎత్తి గంపలో పెట్టాను, ఒక్కొక్క పిల్లనూ ఎత్తి దాని పక్కన వేశాను. అందులో రెండు పిల్లలకు తల్లిలాగే మెడ మీద ఈకలు లేవు, అప్పుడే తెలిసిపోతోంది. వాటి దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది. వాటి తండ్రి నా పుంజే కదా. గుడ్లలో కొన్ని నా మిగతా కోళ్ళవి కూడా కదా. ఇన్నాళ్ళు మేపింది నేనే కదా. ఎలుగుబంటి మాట అప్పుడే విని వచ్చిన మనిషిని, ఆ రెండు పిల్లలనూ వేరే బుట్ట కింద మూసి, మిగిలినవి తీసుకుని బయలుదేరాను. మా ఆయన చూశాడు.

అవ్వ వాకిట్లో మంచం మీద పడుకుని ఉంది. గంప దించి, గుడ్డ తీశాను. పెట్టను చూడగానే లేచి కూర్చుంది.

“యాడ దొరికింది బిడ్డా?”

“దొరకలేదవ్వా. మా ఇంటికే వచ్చింది. నువ్వు ఎతకక ముందే వచ్చింది. నేనే చెప్పలే. ఉంచుకున్న.”

నేను కిటికీ ఊచ నుంచి తెచ్చిన చీర పేలికను ఆమె చేతిలో పెట్టాను. దాన్ని వేళ్ళతో సాగదీసి చూసుకుంది.

“బుధవారం ప్రార్థన చేసిననాడు?”

“అప్పుడు గూడ మా ఇంట్లనే ఉన్నదవ్వా.”

తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండేది. అవ్వ కంచె వైపు చూసింది, అవతల వదినె ఇంటి తలుపు వేసి ఉంది.

“కోడిని తెచ్చిచ్చినవ్ బిడ్డా” అంది నెమ్మదిగా. “దొంగవని ఆమెను నలుగుర్ల అన్న. ఆ మాటను ఎవరు తెచ్చిస్తరు?”

నాకు ఏడుపు వచ్చింది. నేనే వెళ్ళి వదినెకు చెబుతానన్నాను. “నువ్వు చెప్పుడు గాదు, నేను పోవాలె. అన్నది నేను గదా” అంది. తర్వాత గంపలోకి వంగి పిల్లలను చూసింది. అంత బాధలోనూ ఆమె ముఖం కాస్త వెలిగింది.

“అన్నీ లేచినయా?”

“అవ్ అవ్వా. అన్నీ గివే” అన్నాను.

ఆ అబద్ధం నోటి నుంచి ఎంతో తేలిగ్గా వచ్చింది. కళ్ళ నీళ్ళు చెంపల మీద ఇంకా ఆరలేదు. ఒక పక్క పశ్చాత్తాపం, ఇంకో పక్క బుట్ట కింద రెండు కోడిపిల్లలు.

ఇంటికి వచ్చేసరికి ఆ రెండూ అరుస్తున్నాయి. మా ఆయన బుట్ట ఎత్తి నూకలు చల్లుతున్నాడు, అవి వాటిని ముట్టుకోవడం లేదు. వాకిలంతా తిరుగుతూ, గూటి దగ్గరికి పోయి, ఖాళీ గంప చుట్టూ తిరిగి, మళ్ళీ అరుస్తున్నాయి. నేను వరండాలో కూర్చుని చూశాను. నగలు తీసేసిన నా చేతులు ఒళ్ళో ఉన్నాయి. ఇన్నేళ్ళు వాటిని చూసుకుని మురిసిపోయాను. బంగారం వదిలెయ్యడం నాకు కష్టం కాలేదు, ఎందుకంటే నాకు బంగారం మీద ఎన్నడూ అంత మోజు లేదు. లేని ఆశను వదిలి, ఉన్న ఆశను గంప కింద దాచుకున్నాను.

“వీటి తల్లి అక్కడుంటే ఇవి ఇక్కడేం తింటయి?” అన్నాడు మా ఆయన. ఆయన అడిగింది పిల్లల గురించే.

రెండిటినీ కొంగులో వేసుకుని మళ్ళీ తోట గుండా నడిచాను. పొద్దు వాలుతోంది. వాగు దాటుతుంటే కొంగులో ఒకటి అరుపు ఆపింది, చచ్చిపోయిందేమో అనుకున్నాను. తీసి చూస్తే కళ్ళు మిటకరించింది.

అవ్వ గుడిసె తలుపు తెరిచి ఉంది. లోపల పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పొయ్యి పక్కన వదినె గొంతుక్కూర్చుని ఉంది, చేతుల్లో పెట్ట. ఆమె ఎలా వచ్చిందో, అవ్వ కంచె దగ్గర ఏమని పిలిచిందో నాకు తెలియదు, అడిగే ముఖమూ నాకు లేదు. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. వదినె పెట్టను పొయ్యి చుట్టూ తిప్పబోతూ, గుమ్మంలో నన్ను చూసి ఆగింది.

కొంగు విప్పి రెండు పిల్లలనూ కింద వదిలాను. అవి అరుచుకుంటూ తల్లి దగ్గరికి పరుగెత్తాయి. అవ్వ వాటి బోడి మెడలను చూసింది, నన్ను చూసింది. అన్నీ గివే అన్న మాట మా ముగ్గురి మధ్యా అలాగే ఉండిపోయింది.

“ఇవి గూడ నీవే అవ్వా. ఇందాక అబద్ధం చెప్పిన” అన్నాను. వదినె వైపు తిరిగాను. “నీ మీద పడ్డ మాట నా వల్ల పడ్డది. వచ్చే ఆదివారం మందిరంల అందరి ముందు చెప్త.”

వదినె పెట్టను నేల మీద దించి, అవ్వతో అంది, నవ్వకుండానే:

“కోడిని తిప్పుడెందుకు వదినె? దానికి తొవ్వ తెలుసు, తినబెట్టిన కాడికి పోయింది. తిప్పితే గీ టీచరమ్మను తిప్పాలె. మళ్ళ పాత బుద్ధి కాడికి ఉరకకుంట.”

అవ్వ కంగారుగా ఆమె చెయ్యి పట్టుకుంది. పెద్దింటి మనిషిని, టీచరమ్మను, అలా అనొచ్చునా అని కాబోలు.

నేను చెప్పులు గుమ్మం బయట విడిచి, లోపలికి వెళ్ళి, ఆ పొయ్యి చుట్టూ నడవడం మొదలుపెట్టాను.